55 దాటితే వణికిన బండి

మాది పదిటైర్ల లారీ. జగ్గయ్యపేటలో సిమెంటు ఎక్కించుకుని అనకాపల్లిలోనో గాజువాకలోనో దించడం, దొరికితే తిరుగు లోడు, దొరక్కపోతే ఖాళీగా విజయవాడ రావడం. పదకొండేళ్లుగా నేనే తోలుతున్నాను. ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో నిద్రలో లేపి అడిగినా చెబుతాననుకునేవాణ్ణి. కిందటి వేసవిలో మూడు నెలలపాటు ఆ ధీమాకి డబ్బులు కట్టాను.

గంటకి 50 కిలోమీటర్ల స్పీడు వరకూ బండి బంగారం. 55 దగ్గర సీటు కింద తేనెటీగల తుట్టె కదిలినట్టు చిన్న జుమ్ము మొదలయ్యేది. 60కి సైడు అద్దంలో వెనకాల వచ్చే బండి రెండుగా కనపడేది. గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే మోచేతి దాకా తిమ్మిరి. లోడుతో ఉంటే కాస్త నయం, ఖాళీగా ఉంటే మరీ ఘోరం. స్టీరింగు మాత్రం నిమ్మళంగా ఉండేది. గోల ముందు చక్రాలది కాదనడానికి అదొక ఆనవాలని నాకప్పుడు తట్టలేదు.

ఆ నెలలోనే వెనక నాలుగు రీబటన్ టైర్లు, అంటే అరిగినవాటికి కొత్త రబ్బరు పట్టీ అతికినవి, వేయించాను. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. టైర్లు అటువి ఇటు, ఇటువి అటు మార్పించాను. రిమ్ములు వంకర పోయాయేమోనని ఒక్కోటీ పైకెత్తి తిప్పి చూశాను. చక్రాల బ్యాలెన్సింగు చేయించాను. వణుకు చెక్కు చెదరలేదు. తర్వాత ఎవరో ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్లన్నారు. చూస్తే ఒకటి నిజంగానే చీలి ఉంది. సంబరపడి నాలుగూ మార్చాను. బండి స్టార్టింగులో ఊగడం తగ్గింది కానీ 60 దగ్గర వణుకు ఎప్పట్లాగే ఉంది.

మూడోసారి, గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకి తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద పడ్డాను. విప్పించి బ్యాలెన్సింగు షాపుకి మోయించాను. వాళ్లు మిషన్ మీద తిప్పి, గొట్టానికి రెండు చోట్ల చిన్న రేకు ముక్కలు వెల్డింగు పెట్టి, పైన నల్ల పెయింటు కొట్టి కొత్త పెళ్లికొడుకులా ఇచ్చారు. మిషన్ ముల్లు నా కళ్ల ముందే నిలబడింది. బిగించుకుని హైవే ఎక్కాను. హనుమాన్ జంక్షన్ రాకముందే అదే జుమ్ము, అదే తిమ్మిరి. అప్పటికి పద్నాలుగు వేలు పోయాయి, తప్పిపోయిన ట్రిప్పులు వేరే.

ఆ ఆదివారం మా మేనల్లుడు వచ్చాడు. డిప్లొమా మెకానికల్ చదువుతున్నాడు. వాడికి లారీ ఎక్కడమంటే చిన్నప్పటి నుంచీ సరదా. ఏలూరు దాకా ఖాళీ బండిలో తీసుకెళ్లాను. వణుకు మొదలవగానే ఫోను తీసి ఇంజిన్ మూత మీద పడుకోబెట్టాడు. అందులో ఏదో యాప్ ఉంది, వణుకు సెకనుకి ఎన్నిసార్లో చూపిస్తుందట.

"మామయ్యా, సరిగ్గా 60లో కాసేపు ఉంచు."

ఉంచాను. తెర మీద ఒక గీత ఒంటరిగా పైకి లేచింది. 60 స్పీడులో సెకనుకి దాదాపు 60 వణుకులు. రెండు అంకెలూ కలవడం కేవలం కాకతాళీయం, దాంట్లో మర్మమేమీ లేదు. అసలు మర్మం వాడు టోలు రసీదు వెనక వేసిన లెక్కలో ఉంది.

మా టైరు కిలోమీటరుకి దాదాపు 310 చుట్లు తిరుగుతుంది. 60 స్పీడంటే నిమిషానికి కిలోమీటరు. అంటే చక్రం సెకనుకి అయిదు చుట్ల పైచిలుకు. వెనక ఇరుసులో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, అది తిప్పే పెద్దది క్రౌన్. క్రౌన్‌కి ఎన్ని పళ్లు, పినియన్‌కి ఎన్ని అని అడిగాడు. 41, 7 అన్నాను. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్ట్ ఆరు చుట్లకి కాస్త తక్కువ తిరుగుతుందన్నమాట. అంటే సెకనుకి 30.

"టైరు గోలైతే 5 చూపించాలి. షాఫ్ట్ బరువు ఒక పక్కకి లాగితే చుట్టుకి ఒకసారి, 30 చూపించాలి. ఇది 60 చూపిస్తోంది. షాఫ్ట్ ఒక చుట్టుకి రెండుసార్లు ఏదో కొడుతోంది."

ఇంజిన్ కావచ్చు కదా అన్నాను. ఆ ప్రశ్న నాకే ముచ్చటేసింది. టాప్ గేరు డైరెక్టు కాబట్టి ఇంజినూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి, ఆ గేరులో రెంటినీ విడదీయలేం. వాడు న్యూట్రల్ చెయ్యమన్నాడు. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్న చోట 65కి తీసుకెళ్లి న్యూట్రల్‌లో వదిలాను. ఇంజిన్ ఆపలేదు సుమా, ఆపితే స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకు గాలి నిండదు. ఇంజిన్ ఐడిలింగుకి పడిపోయింది. వణుకు మాత్రం 55 దాకా మాతోపాటే వచ్చింది. అంటే ఇంజిన్, క్లచ్ పక్కకి తప్పుకున్నట్టే. టైర్లు ఫోను లెక్కతోనే తప్పుకున్నాయి.

మరి షాఫ్ట్‌ని మిషన్ మీద తిప్పి చూశారు కదా అంటే వాడు నవ్వాడు. "మిషన్ మీద తిన్నగా తిరుగుతుంది మామయ్యా. బండి కింద వంగి తిరుగుతుంది."

ఆ ముక్క దగ్గర నాకు లైటు వెలిగింది. షాఫ్ట్ చివర మడిచినట్టు వంగే జాయింటు వంగి ఉన్నప్పుడు దాని ముందు ముక్క ఒకే వేగంతో తిరిగినా వెనక ముక్క అలా తిరగదు. ఒక్కో చుట్టులో రెండుసార్లు తొందరపడుతుంది, రెండుసార్లు తాత్సారం చేస్తుంది. షాఫ్ట్‌కి రెండో చివర ఉన్న జాయింటు దాన్ని సరిగ్గా ఎదురు చేసి చెరిపేయాలి. ఒకే రోట్లో ఇద్దరు రోకళ్లు వేస్తుంటే ఒకరిది లేచినప్పుడు ఒకరిది పడాలి కదా, అలాగ. దీనికి రెండు షరతులు. రెండు చివర్ల యోక్‌లూ, అంటే జాయింటుని పట్టుకునే రెండు కొమ్ముల ముక్కలు, ఒకే వరసలో ఉండాలి, రెండు చివర్లా వంపు సమానంగా ఉండాలి. ఏది తప్పినా చుట్టుకి రెండు దెబ్బలే.

అప్పుడు గుర్తొచ్చింది. రీబటన్ టైర్లకి పది రోజుల ముందు, తుని దాటాక రాత్రి ఒంటిగంటకి, షాఫ్ట్ ముందు ముక్కా వెనక ముక్కా కలిసేచోట దాన్ని మోసే సెంటర్ బేరింగ్ పోయింది. హైవే పక్క షెడ్డులో ఒక కుర్రాడు టార్చి లైటు పళ్లతో కరిచి పట్టుకుని మార్చాడు. నేను పక్కన నులక మంచం మీద నిద్రపోయాను. ఆ తర్వాత రెండు ట్రిప్పులూ ఫుల్ లోడు, వాన, గుంతలు, డైవర్షన్లు. 50 దాటలేదు, కాబట్టి వణుకు తెలియలేదు. తెలిసేసరికి కొత్త టైర్లు ఎక్కాయి, నేరం వాటి నెత్తిన పడింది.

మర్నాడు ఆటోనగర్‌లో మా పాత మేస్త్రి గారి దగ్గరికి వెళ్లాను. అంతకుముందే ఎందుకు వెళ్లలేదంటే, ఆయన తిడతాడు. తిట్టాడు కూడా. చక్రాలకి రాళ్లు పెట్టించి బండి కిందకి దూరి, సెంటర్ బేరింగ్ వెనక, పళ్లున్న కడ్డీ పళ్లున్న గొట్టంలోకి దూరే స్లిప్ జాయింటు దగ్గర ఆ కొత్త నల్ల పెయింటుని బ్లేడుతో గీకాడు. ఒక బాణం గుర్తు బయటపడింది. ఇంకాస్త గీకితే రెండోది. రెండూ ఎదురెదురుగా ఉండాలి. రెండు పళ్లు పక్కకి ఉన్నాయి. చీకట్లో ఆ కుర్రాడు పళ్లు ఎక్కడ పడితే అక్కడ తోసేశాడు. బ్యాలెన్సింగు షాపు వాళ్లు ఎలా తెచ్చానో అలాగే తిప్పి, గుర్తుల మీద రంగు పూసి ఇచ్చారు.

"దీన్ని గీత గీసుకోకుండా విప్పినోడిది ఒక తప్పు. పక్కన పడుకున్న నీది రెండు తప్పులు" అన్నాడు మేస్త్రి.

షాఫ్ట్ కిందకి దించాక వెనక జాయింటు మధ్యలో ప్లస్ గుర్తులా ఉండే క్రాస్‌ని చేత్తో ఆడించి చూడమన్నాడు. ఒక వైపు వెన్నలా కదులుతోంది, ఇంకో వైపు మధ్యలో గంట్లు తగిలినట్టు ఆగి ఆగి కదులుతోంది. గ్రీజు గన్ను పెట్టి కొడితే క్రాస్ నాలుగు కొసలకీ ఉన్న టోపీల్లో మూడింటి అంచుల నుంచి పాత గ్రీజు పాములా బయటికొచ్చింది. నాలుగోది నోరు తెరవలేదు. ఆ టోపీ లాగితే లోపల గ్రీజు లేదు, ఎర్రటి పొడి రాలింది. సన్నటి సూదుల్లాంటి రోలర్లు తుప్పు పట్టి, క్రాస్ కాడ మీద ఒక్కో సూది పడుకున్న చోట ఒక్కో గీత, దువ్వెనతో గీసినట్టు దిగిపోయింది. మూడు నెలల వణుకు తిన్న ముక్క అది. గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు వైపులా కొత్త గ్రీజు కనపడేదాకా కొట్టాలని నాకు తెలియక కాదు. రెండు వైపులా వస్తే చాలనుకుని గన్ను పక్కన పడేసిన రోజులు లెక్కలేనన్ని.

క్రాస్ కొత్తది వేసి, బాణాలు కలిపి, స్లిప్ జరిగింది కాబట్టి బ్యాలెన్సింగు మళ్లీ చేయించి బిగించాం. ఈసారి తేడా కొట్టొచ్చినట్టు కనపడింది. అద్దంలో బండి ఒక్కటే కనపడింది. కానీ ఖాళీగా 60 దగ్గర సీటు కింద ఆ పాత జుమ్ము ఇంకా పావలా వంతు మిగిలింది. మేస్త్రి గారైతే "ఇది లారీ బాబూ, విమానం కాదు" అన్నాడు. నేనూ ఒప్పేసుకునేవాణ్ణే. మేనల్లుడు ఒప్పుకోలేదు. ఫోను పెడితే గీత పొట్టిదైంది కానీ అదే 60 దగ్గర నిలబడి ఉంది. ఒక షరతు తీరింది, రెండోది తీరలేదు.

ఈసారి వంపు కొలిచాం. దానికీ ఫోనే, గోడలకి మట్టం చూసే యాప్. పెయింటు, మట్టి శుభ్రంగా తుడిచి, ఫోను అంచుని ఒకే దిశలో పెట్టి చూడాలి. నేల కాస్త వాలున్నా ఫర్వాలేదు, మనకి కావల్సింది ఒకదానికీ ఒకదానికీ తేడా. గేర్ బాక్స్ వాలు 3.0 డిగ్రీలు. ముందు షాఫ్ట్ 2.5. వెనక షాఫ్ట్ 7.3. పినియన్ దగ్గర హౌసింగు 3.5. తేడాలు తీస్తే వెనక షాఫ్ట్‌కి ముందు చివర వంపు 4.8, వెనక చివర 3.8. రెంటి మధ్య డిగ్రీ తేడా. మామూలుగా ఒక్కో వంపూ మూడు డిగ్రీల లోపు ఉండాలి, రెంటికీ తేడా ఒక డిగ్రీ దాటకూడదు. అలాగని వంపు పూర్తిగా సున్నా కూడా పనికిరాదు. కనీసం అర డిగ్రీ అయినా లేకపోతే సూది రోలర్లు కదలక ఉన్నచోటే గంట్లు పడతాయి.

ముందు షాఫ్ట్ గేర్ బాక్స్ కంటే తక్కువ వాలుతో ఉండటం మేస్త్రికి నచ్చలేదు. "సెంటర్ బేరింగ్ పైకెక్కి కూర్చుందిది" అంటూ మళ్లీ కిందకి దూరాడు. బ్రాకెట్ బోల్టులు చూశాడు. నట్టు దాటి రెండు వేళ్లంత మర పైకి పొడుచుకొచ్చి ఉంది, సందు నింపడానికి వాషర్ మీద వాషర్ వేసి ఉన్నాయి. అంత పొడుగు బోల్టు కంపెనీ వాడు ఊరికే ఇవ్వడు కదా. క్రాస్ మెంబరుకీ, అంటే ఛాసిస్ అడ్డ దూలానికీ, బ్రాకెట్‌కీ మధ్య ప్యాకింగ్ ప్లేట్లు ఉండాలి. లేవు.

"ఆ రాత్రి పాత సామాను నీకిచ్చాడా?"

ఇచ్చాడు. గోనె సంచిలో కట్టి ఇచ్చాడు. సంచి టూల్ బాక్సులోనే ఉంది. విప్పితే పగిలిన బేరింగ్, చినిగిన రబ్బరు, దాని కింద రెండు బెజ్జాలున్న ఇనప ప్లేటు ఒకటి. 12 మిల్లీమీటర్ల మందం. ఒకటే ఉంది. వాషర్ల లెక్క చూస్తే రెండు ఉండాలి.

రెండోది ఎక్కడుందో నాకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఎవరివైపూ చూడకుండా క్యాబిన్ వెనక్కి నడిచి జాకీ బయటికి తీశాను. మట్టి నేలలో జాకీ దిగిపోకుండా మూడు నెలలుగా దాని కింద పెట్టుకుంటున్న ప్లేటు అదే. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్కసారీ అడగలేదు, గట్టి ముక్క దొరికిందని మురిసిపోయాను.

రెండు ప్లేట్లూ పెట్టి బిగిస్తే బేరింగ్ 24 మిల్లీమీటర్లు కిందకి దిగింది. ముందు షాఫ్ట్ 3.6కి వచ్చింది, వెనకది 6.4కి. వంపులు 2.8, 2.9. మేనల్లుడు ఆ అంకెలు రసీదు వెనక మిగిలిన చోట రాసి నా జేబులో పెట్టాడు. ఆ సాయంత్రమే ఖాళీ బండి గుండుగొలను దాకా తోలాను. 55, 60, 65. గేరు రాడ్డు మీద చెయ్యి వేసి ఉంచాను, తిమ్మిరి లేదు. ఇంజిన్ మూత మీద పెట్టిన టీ గ్లాసులో వలయాలు కూడా లేవు.

జాకీ కిందకి ఇప్పుడు చెక్క ముక్క పెట్టుకుంటున్నాను. వాన పడ్డ నేలలో దిగిపోతోంది.