మళ్లీ సీమేనా

పదిన్నర అయింది. పొద్దున ఆరింటికి లేవాలి, చిన్నోడికి రేపు లెక్కల పరీక్ష, దోసెల పిండి ఇంకా ఫ్రిజ్‌లో పెట్టలేదు. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టదు.

ఈ రోజు మా పుస్తకాల గుంపు కలిసింది, తార్నాకలో తణుకు అక్క వాళ్లింట్లో. అమీర్‌పేటలో మెట్రో మారి వెళ్లేసరికి మూడున్నర. పోయిన నెల నవల మీద మాటలు చాలా బాగా సాగాయి. బ్యాంకు మేడమ్ ఒక పేరా పైకి చదువుతూ మధ్యలో ఆగి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నెలంతా ఎదురుచూసేది అలాంటి నిమిషం కోసమే. దాని గురించే రాద్దామని కూర్చున్నాను కానీ, మనసు వేరే మాట దగ్గరే తిరుగుతోంది.

తర్వాత ఏ నవల చదవాలి అన్న దగ్గర వచ్చింది ఆ మాట. మా నియమం మీకు తెలుసు. సమకాలీన నవలే చదవాలి, అది గత పదేళ్లలో అచ్చయినదై ఉండాలి. ఈ పదేళ్ల గీత గీయడానికే ఒక ఆదివారం పట్టింది. చంద్రలత గారి 'రేగడి విత్తులు'కు అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా ఇచ్చే నవలల బహుమతి వచ్చింది 1997లో. రైతు బతుకేం మారిందని, అది సమకాలీనం ఎందుకు కాదని బ్యాంకు మేడమ్ వాదించారు. ఆ లెక్కన 'కన్యాశుల్కం' కూడా సమకాలీనమే అవుతుందని ఇంకొకరు. చివరికి పదేళ్లన్నాం. ఇప్పటికీ నాకు ఆ గీత సరైనదనిపించదు, కానీ ఏదో ఒకటి ఉండాలి కదా.

నేను 'కొండపొలం' అన్నాను. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారిది, 2019లో తానా బహుమతి వచ్చింది. ఎప్పటినుంచో నా మనసులో ఉన్న పేరు. ప్రతిసారీ ఎందుకో నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ఈ రోజు చెప్పేశాను.

"సినిమా వచ్చిందిగా, చూసేశాం" అన్నారు ఎవరో వెంటనే.

2021లో క్రిష్ తీశారు, నిజమే. నేనూ చూశాను. కానీ సినిమా చూస్తే నవల చదివినట్టేనా? సినిమాలో ఉన్న ఓబులమ్మ నవలలో లేనే లేదు, ఆ పాత్ర సినిమా కోసం పుట్టింది. ఆమె పాత్ర తీసేస్తే ఆ సినిమాలో ఎంత మిగులుతుందో ఆలోచించండి. నవలలో ఉన్నది కరువు, గొర్రెలు, అడవి, పులి, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం రాక తిరిగొచ్చిన రవి అనే కుర్రాడు. మేతా నీళ్లూ లేక గొర్రెల మందల్ని నల్లమలకు తోలుకుపోయి, నెలా నెలన్నర అక్కడే ఉండటం. దాన్నే మా కడప వైపు కొండపొలం పోవడం అంటారు. ఇదంతా చెప్పాను. కాస్త గొంతు పెంచే చెప్పాను అనుకుంటా, ఎందుకంటే అక్క బజ్జీల పళ్లెం నా వైపు జరిపింది.

జరుపుతూ అంది, "మొన్న ఎండాకాలంలోనే సీమ నవల చదివాం కదమ్మా. మళ్లీ సీమేనా?"

అక్క మాటలో చెడు ఏమీ లేదు. నాకు జ్వరమొస్తే ఆ ఎండలో బస్సెక్కి పత్యం కూర తెచ్చిన మనిషి ఆమె. అందుకే ఇంకా గుచ్చుకుంది. అవును, ఎండాకాలంలో బండి నారాయణస్వామి గారి 'శప్తభూమి' చదివాం. 2019లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. అది పద్దెనిమిదో శతాబ్దం నాటి అనంతపురం ప్రాంతపు కథ, హండె పాలకుల కాలం. 'కొండపొలం' మా కాలంలో, మొన్నమొన్నటి కరువులో, కడప పల్లెలో మొదలవుతుంది. ఈ రెండూ ఒకటెలా అవుతాయి? సీమ అనగానే ఒక నవల చాలా?

ఇంటికొచ్చి మా గుంపు నోటు పుస్తకం తీసి లెక్కపెట్టాను. రెండున్నరేళ్లలో ఇరవై ఆరు పుస్తకాలు. అందులో పన్నెండు నగరాల్లో, అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో, అమెరికాలో జరిగే కథలు. ఆరు గోదావరి, కృష్ణా వైపువి. అవి వరసగా వచ్చినప్పుడు "మళ్లీ గోదావరేనా" అని ఒక్కరం కూడా అనలేదు. నేను కూడా అనలేదు. అక్కడి పడవలూ కొబ్బరితోటలూ నాకెప్పుడూ పరాయి అనిపించలేదు. చిన్నప్పటినుంచీ చదివినవన్నీ అవే కాబట్టి, కథ అంటే అక్కడే జరుగుతుందేమో అనుకుంటూ పెరిగాను.

అంతటితో అయిపోలేదు. గుంపులో మేం సంస్కృతం కుర్రాడు అనే అబ్బాయి పక్కన కూర్చునే ఆవిడ, "ఆ యాస చదవాలంటే నాకు టెన్షన్ అండీ, జీవాలు అంటే ఏంటో కూడా తెలియదు" అంది. జీవాలంటే గొర్రెలూ మేకలూ. ఒక్కసారి చెబితే చాలు, ఇంక మర్చిపోయేది కాదు. కానీ నేను చెప్పలేదు. బజ్జీ కొరికి ఊరుకున్నాను. మెట్రోలో వస్తున్నంతసేపూ చెప్పాల్సిన మాటలన్నీ ఒకటొకటే వచ్చాయి.

జీవాలు అనే మాట విన్నప్పటినుంచీ అవ్వ గుర్తొస్తోంది.

నేను ఏడో తరగతి. పోరుమామిళ్ల పక్కన మా అమ్మమ్మ ఊరు. పోరుమామిళ్ల చెరువు గురించి ఇదివరకు రాశాను కదా, 1369 నాటి శాసనం ఉన్న చెరువు. ఆ ఏడు ఆ చెరువు కూడా నెర్రెలిచ్చింది. మా అవ్వవాళ్లకు అరవై దాకా జీవాలుండేవి. సంక్రాంతి దాటాక మేత అయిపోయింది. వేరుశనగ కట్టె కూడా లేదు. మామ, ఇంకో నలుగురూ మందల్ని తోలుకుని కొండకు పోయినారు. నేను ఎండాకాలం సెలవులకు వెళ్లేసరికి వాళ్లు పోయి ఇరవై రోజులైంది. కబురు లేదు. ఫోనెక్కడిది అప్పుడు.

అవ్వకు చదువు రాదు. ఊళ్లో మాస్టరు వాళ్లింటికి వారపత్రిక వచ్చేది. వాళ్లు చదివాక మాకిచ్చేవాళ్లు, వారం ఆలస్యంగా. మధ్యాహ్నం గంజి తాగాక పంచలో పడమటి గోడ నీడకు అవ్వా, ఇంకో ముగ్గురు ముసలమ్మలూ చేరేవాళ్లు. నేను సీరియల్ పైకి చదవాలి. అందులో ఒక అమ్మాయి విశాఖపట్నంలో సముద్రం కనిపించే మేడలో ఉంటుంది. ఎప్పుడూ కాఫీ తాగుతూ ఉంటుంది. మొగుడు ఉత్తరం రాయడు. అందరూ అండీ అండీ అని మాట్లాడుకుంటారు.

"వాళ్లింట్లో ఎవురూ పనికి పోరా పాపా?" అని అడిగేది అవ్వ.

"పోరవ్వా."

"జీవాలు లేవా?"

"లేవు."

"మరి ఆ పిల్లకు యాందుకంత దిగులు?"

అలా అడిగేది కానీ, ఒక్కరోజు కూడా వద్దనలేదు. ఒక వారం సంచిక రాకపోతే పాతది మళ్లీ చదివించుకుంది. వినేటప్పుడు చేతిలో చింతపండు గింజలు తీస్తూ ఉండేది. మొగుడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చిందేమోనని ఆ అమ్మాయి గేటు దగ్గరికి పరిగెత్తే చోట చెయ్యి ఆగిపోయేది. "వచ్చిందా? సూడు, కింద సూడు" అనేది. నాకు అప్పుడు తెలియలేదు. పేపర్లో ఉత్తరం అని నేను చదువుతుంటే ఆమె కొండ మీద కొడుకు కబురు కోసం వింటోందని నాకెలా తెలుస్తుంది? పన్నెండేళ్ల పిల్లని. గబగబా చదివేసి ఆడుకోవడానికి పోవాలని చూసేదాన్ని. ఒకసారి రెండు పేజీలు దాటేసి చదివాను కూడా. అవ్వ కనిపెట్టింది. "ఆడ నుంచి మల్లా సదువు" అంది, కోప్పడకుండా.

మామ నలభై మూడో రోజున తిరిగొచ్చాడు. జీవాలు నలభై ఒకటి మిగిలాయి. కాళ్లు చూస్తే మామవి అనిపించలేదు. అవ్వ వేడినీళ్లు పెట్టింది, రాగి సంగటి పెట్టింది. మామ తిని పడుకున్నాడు. అక్కడ ఏం జరిగిందో, మిగతా జీవాలు ఏమైపోయినాయో, రాత్రిళ్లు ఎలా పడుకున్నారో ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు, ఎప్పుడూ చెప్పలేదు. నాకు 'కొండపొలం' చదివినప్పుడే తెలిసింది ఆ నలభై మూడు రోజులు ఎలాంటివో. ఆ పుస్తకం రెండు రాత్రుల్లో చదివాను. మూడో రోజు ఆఫీసుకు సెలవు పెట్టాను. మా ఆయన కారణం అడిగితే కడుపునొప్పి అన్నాను.

ఇదండీ, నేను ఈ రోజు ఆ హాల్లో చెప్పలేకపోయింది.

ఇక్కడిదాకా రాసి, గుంపులో పెద్ద మెసేజ్ పెడదామని ఫోన్ తీశాను. లెక్కలన్నీ పెట్టి, పన్నెండు, ఆరు అని. మా అవ్వ ఎండాకాలమంతా మీ భాషలో కథ విన్నది, మీరు ఒక్క నెల మా భాషలో వినలేరా అని. టైపు చేశాను కూడా. పంపే ముందు నోటు పుస్తకం పేజీ ఇంకోసారి తిప్పాను. అక్కడ కనపడింది పోయిన ఏడాది సెప్టెంబరు పుస్తకం.

అది ఉత్తరాంధ్ర నవల. శ్రీకాకుళం వైపు మాటలు, నాకు మొదటి పేజీ నుంచీ కష్టంగానే ఉంది. నలభై పేజీలు చదివి పక్కన పెట్టాను. పనెక్కువగా ఉందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ఆదివారం గుంపులో మాట్లాడింది మాత్రం ముందుమాట చదివి. అందులో ఉన్నదే నా మాటగా తిప్పి చెప్పాను. ఆ నవల తెచ్చిన పాలకొండ అమ్మాయి నా వైపు చూసి నవ్వింది. ఎంతో సంతోషపడింది. తర్వాత రెండు నెలలకే గుంపు మానేసింది. బదిలీ అన్నారు. బదిలీయే అయ్యుండొచ్చు. కానీ ఆ నవ్వు గుర్తొస్తే ఈ మెసేజ్ పంపడానికి చెయ్యి రాలేదు. చెరిపేశాను.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఆ పేరు నోటిదాకా వచ్చి ఎందుకు ఆగిందో ఇప్పుడు తెలుస్తోంది. నాకు కావలసింది వాళ్లు ఆ నవల చదవడమా, లేక మా మామకు దండం పెట్టడమా? ఎవరైనా సగం చదివి, టీ తాగుతూ, "బాగానే ఉంది కానీ కొంచెం సాగదీశారు" అంటే నేను తట్టుకోగలనా? ఒక పుస్తకాన్ని గుంపులో పెట్టామంటే అలా అనే హక్కు అందరికీ ఇచ్చినట్టే. 'శప్తభూమి' రోజున అక్క ఏవేవో లోపాలు చెప్పింది, నాకేం బాధ కలగలేదు. ఇది వేరు. ఇది ఇంకా నా చేతుల్లోంచి వదల్లేదేమో.

అందుకని వద్దులే అనుకున్నాను. బ్యాంకు మేడమ్ చెప్పిన 'మనోధర్మపరాగం'కే ఓటేద్దామని. మధురాంతకం నరేంద్ర గారి నవల, 2022 సాహిత్య అకాడమీ అవార్డు. సంగీతమే బతుకైన దేవదాసీ కుటుంబాల ఆడవాళ్ల కథ. అది తక్కువ పుస్తకమేం కాదు, నాకూ చదవాలని ఉంది. వాట్సాప్‌లో పోల్ పెట్టారు, రేపు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. ఇప్పటికి ఒక ఇంగ్లీషు నవలకు ఐదు, 'మనోధర్మపరాగం'కి మూడు, 'కొండపొలం'కి ఒకటి. ఆ ఒకటి నాది కాదు, నేనింకా వెయ్యలేదు.

ఎవరిదా అని తెరిచి చూశాను. సంస్కృతం కుర్రాడిది.

వాడి గురించి చెప్పాను కదా, ఇంటర్‌లో మార్కులొస్తాయని సంస్కృతం తీసుకుని, ఇప్పుడు ఉద్యోగం వచ్చాక తెలుగు కూడబలుక్కుని చదువుతున్నవాడు. పేజీకి పది నిమిషాలు పడుతుంది వాడికి. రాత్రి తొమ్మిదిన్నరకు నాకు విడిగా మెసేజ్ పెట్టాడు, నేను చూసుకోలేదు. "అక్కా, జీవాలు అంటే గొర్రెలేనా? మీరు సాయంత్రం చెప్పినప్పుడు మీ మాట మారింది. అట్ల చదివి వినిపిస్తే నాకు అర్థమైతది. నాకైతే రెండు నెలలు కావాలి."

మాట మారిందట. ఇరవై రెండేళ్లుగా హైదరాబాదులో ఎవరికీ తెలియకుండా దాచుకున్న మాట.

పుస్తకాలు దొరకడం ఇంకో పెద్ద పని. మన దగ్గర నవల ఐదొందలో వెయ్యో అచ్చేస్తారు, అయిపోతే మళ్లీ ఎప్పుడు వేస్తారో తెలియదు. సాయంత్రం వచ్చేదారిలో కాచిగూడలో ఒక షాపుకు ఫోన్ చేస్తే నాలుగు ప్రతులున్నాయన్నారు. మేం పదకొండు మందిమి. నా ప్రతి వెనక అట్ట ఊడిపోయింది కానీ, ఇవ్వొచ్చు. అక్కకు అది ఇద్దామనుకుంటున్నాను. అంచుల్లో పెన్సిల్‌తో నేను రాసుకున్నవన్నీ ఉన్నాయి. మామ పేరు కూడా ఒకచోట ఉంది. చెరపాలా వద్దా అన్నది రేపు చూస్తాను.

పిండి ఫ్రిజ్‌లో పెట్టి వచ్చాను. వంటింట్లోనే నిలబడి, మొదటి పేజీ ఫోన్‌లో చదివి రికార్డు చేశాను. మొదటిసారి వార్తలు చదివినట్టుంది. రెండోసారి సగంలో అత్తమ్మ లేచి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగారు. మూడోసారి తలుపేసుకుని, అవ్వకు చదివినట్టు నిదానంగా, ఏదీ దాటెయ్యకుండా చదివాను. నాలుగు నిమిషాల పదిహేను సెకన్లు వచ్చింది.

ఇంకా పంపలేదు. పన్నెండు కావస్తోంది, అక్క పడుకుని ఉంటుంది.