హాంగ్ న్గాంగ్ వీధిలో ఒక మేడ

హానోయ్ పాతబస్తీలోని హాంగ్ న్గాంగ్ వీధి నిండా దుకాణాలు, మోటారు సైకిళ్లు. 48వ నంబరు ఇల్లు వెతుక్కుంటూ రెండుసార్లు దాన్ని దాటిపోయాను. వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. ట్రిన్ వాన్ బో అనే బట్టల వ్యాపారి ఇల్లది. 1945 ఆగస్టు చివర్లో వియత్నాం స్వాతంత్ర్య పోరాట నాయకుడు హో చి మిన్ అడవుల నుంచి వచ్చి ఇక్కడే బస చేశారు. మేడ మీద పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు. వియత్నాం స్వాతంత్ర్య ప్రకటనను ఇక్కడే రాశారు. చూడటానికి ఇంతే కాబట్టి చాలామంది పది నిమిషాల్లో దిగి వెళ్లిపోతున్నారు. నాకు మాత్రం కాళ్లు కదల్లేదు.

సెప్టెంబరు 2న బా దిన్ మైదానంలో చదివిన ఆ ప్రకటన, మనుషులందరూ సమానంగా పుట్టారన్న 1776 నాటి అమెరికా ప్రకటనతోనే మొదలవుతుంది. అది భక్తితో చేసిన పని అనుకోను, ఆనుపానులు తెలిసిన ఎత్తుగడ. ఆర్కిమిడెస్ పాటీ అనే అమెరికా గూఢచార అధికారి అప్పుడు హానోయ్‌లోనే ఉన్నారు. ముసాయిదాలో కొంత ఆయనకు ముందుగానే వినిపించారు కూడా. అంతకు కొన్ని వారాల ముందు టాన్ ట్రావో అడవుల్లో జబ్బుపడ్డ హోకు మందులిచ్చింది, ఆయన నడిపిన వియత్ మిన్ దళంలోని గెరిల్లాలకు తుపాకులు నేర్పింది పారాచూట్లతో దిగిన అమెరికా దళమే.

ఇండోచైనాను, అంటే వియత్నాంతో కూడిన ఫ్రెంచి వలసను, ఫ్రాన్సుకు తిరిగి అప్పగించడం అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు ఇష్టం లేదు. ఆయన 1945 ఏప్రిల్‌లో పోయారు. 1946 ఫిబ్రవరిలో హో మద్దతు కోరుతూ, రూజ్వెల్ట్ తర్వాత అధ్యక్షుడైన ట్రూమన్‌కు తంతి పంపారు. జవాబు రాలేదు. ఐరోపాలో కమ్యూనిస్టులకు అడ్డుకట్టగా అమెరికాకు ఫ్రాన్సు కావాలి, ఫ్రాన్సుకు తన వలసలు కావాలి. 1954 నాటికి వియత్ మిన్‌పై ఫ్రెంచివాళ్లు చేసిన యుద్ధ ఖర్చులో సుమారు ముప్పావు వంతు అమెరికా ఖజానాదే.

అంతమాత్రాన అమెరికా వలస వ్యతిరేకత అంతా నటనేనని అనలేను. 1946లో తమ వలస ఫిలిప్పీన్స్‌ను వదిలారు (సైనిక స్థావరాలు ఉంచుకునే లెండి). 1956లో సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడికి దిగిన బ్రిటన్, ఫ్రాన్సులు వెనక్కి తగ్గేదాకా అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఊరుకోలేదు. నమ్మకం ఉంది, కానీ అది పంక్తిలో చివర కూర్చోబెట్టిన చుట్టం, వడ్డన తన విస్తరిదాకా వస్తే వచ్చినట్టు.

మర్నాడు 'హోవా లో' అనే పాత జైలు, ఇప్పుడది మ్యూజియం. ఫ్రెంచివాళ్లు కట్టింది, గుమ్మం మీద ఫ్రెంచి అక్షరాలు అలాగే ఉన్నాయి. చీకటి గదిలో ఏటవాలు అరుగు మీద, కాళ్లు బొండకొయ్యలో ఇరికిన ఖైదీల బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఇంకోచోట గిలటిన్. ఆ తర్వాతి గదులు, తర్వాత అమెరికాతో జరిగిన యుద్ధంలో పట్టుబడ్డ అమెరికా పైలట్లవి. పటాలలో వాళ్లు వాలీబాల్ ఆడుతూ, క్రిస్మస్ చేసుకుంటూ కనిపిస్తారు. విడుదలయ్యాక వాళ్లు చెప్పిన చిత్రహింసల ఊసు నాకెక్కడా కనబడలేదు. ఫ్రెంచివాళ్ల క్రూరత్వాన్ని అంత వివరంగా చెప్పిన నోరు, తన వంతు వచ్చేసరికి మూతపడింది.

బయటికి వస్తూ, ట్రూమన్‌కు పంపిన ఆ తంతి ఇక్కడ చూపించరా అని గైడు అమ్మాయిని అడిగాను.

"అది అమెరికా ప్రభుత్వ పత్రాగారంలో భద్రంగా ఉందండీ. జవాబు సంగతి వాళ్లనే అడగండి. మాకిప్పుడు వాళ్లతో బోలెడంత వ్యాపారం ఉంది" అని నవ్వి, తర్వాతి బృందం వైపు వెళ్లిపోయింది.