మడ్‌గార్డ్ కింద రబ్బరు ముక్క

మా గోదావరి జిల్లాల్లో ముసురు పట్టిందంటే రెండు రోజులో మూడు రోజులో, ఆ తర్వాత ఎండ కాస్తుంది, దండెం మీద బట్టలు ఆరతాయి, జనం పనుల్లో పడతారు. లండన్‌లో అక్టోబరు చివర పట్టిన ముసురు మార్చి దాకా ఏదో ఒక రూపంలో ఉంటూనే ఉంటుంది. లెక్కకి చూస్తే ఇక్కడి వాన తక్కువే, ఏడాదికి సుమారు 600 మిల్లీమీటర్లు, మా వైపు 1000 దాటుతుంది. కానీ మా వాన కుండపోతగా కురిసి వెళ్లిపోతుంది, ఇక్కడిది జల్లెడ పట్టినట్టు సన్నగా గంటలకొద్దీ పడుతుంది, గొడుగు తియ్యాలా వద్దా అన్నది కూడా తేలదు. ఆ సన్నవానలో నేను సైకిల్ తొక్కడం ఇది నాలుగో చలికాలం. ఈస్ట్ హామ్ నుంచి బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గరున్న ఆఫీసుకి పోను 14, రాను 14 కిలోమీటర్లు, వారానికి మూడు రోజులు.

ఇది మొదలైంది సమ్మె వల్ల. 2022 మార్చి మొదటి వారంలో ట్యూబ్ రైళ్లు, అంటే ఇక్కడ భూమి కింద నడిచే రైళ్లు, ఆగిపోయాయి, నాకేమో ఆఫీసులో తప్పనిసరిగా ఉండాల్సిన మీటింగ్, బస్టాపులో చూస్తే చీమల బారు. మా ఇంట్లోనే ఇంకో గదిలో అద్దెకుండే కుర్రాడు మెట్ల కింద పడి ఉన్న తన పాత సైకిల్ తాళం చేతిలో పెట్టి తీసుకెళ్లమన్నాడు. అప్పటికి నేను వచ్చి మూడేళ్లు. ఆ మూడేళ్లూ నాకు తెలిసిన లండన్ అంటే స్టేషన్ల పేర్లే. బో రోడ్ దగ్గర రైలు భూమిలోకి దిగుతుంది, బ్లాక్‌ఫ్రయర్స్‌లో మెట్లెక్కితే మళ్లీ వెలుతురు, మధ్యలో ఏముందో తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. ఆ రోజు సైకిల్ మీద వెళ్తుంటే కానింగ్ టౌన్ తర్వాత పోప్లర్, పోప్లర్ తర్వాత లైమ్‌హౌస్, అక్కడ పడవలు కట్టేసి ఉన్న రేవు, ఆ తర్వాత కేబుల్ స్ట్రీట్, ఒకదానికొకటి అతుక్కుని వరసగా వచ్చాయి. ఊరు ఊరులా కనబడింది.

నేను వెళ్లే దారిని సైకిల్‌వే 3 అంటారు. బార్కింగ్ నుంచి టవర్ హిల్ దాకా 2010లో వేశారు, అక్కడి నుంచి థేమ్స్ వెంబడి పార్లమెంటు వైపు వెళ్లే భాగం 2016లో వచ్చింది. బెక్టన్ వైపు ఏ13 రోడ్డు పక్కన వెళ్లే ముక్క నాకు ఇష్టం ఉండదు, లారీలు పోతుంటే చెవులు దిబ్బళ్లు వేస్తాయి. కేబుల్ స్ట్రీట్ మాత్రం చాలా ఇష్టం. అక్కడ ఒక గోడంతా పరుచుకున్న పెద్ద బొమ్మ ఉంది. ఆ బొమ్మలో ఉన్నది 1936 అక్టోబరు 4 నాటి సంగతి. ఆ రోజు మోస్లీ అనే నాయకుడి మంది, అప్పటి ఫాసిస్టులు, ఈ పేటల్లోంచి కవాతు చేయబోతే యూదులు, రేవులో పనిచేసే ఐరిష్ కూలీలు, చుట్టుపక్కల జనం అందరూ కలిసి దారికి అడ్డం నిలబడ్డారు, కవాతు జరగనివ్వలేదు. బయటి నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్న మనిషిని, ఆ గోడ ముందుకొచ్చేసరికి కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి.

సొంత సైకిల్ ఆ వేసవిలో కొన్నాను. ఇక్కడ సైకిల్ టు వర్క్ అని ఒక పథకం 1999 నుంచి ఉంది. కంపెనీ మనకి సైకిల్ తీసిస్తుంది, ఆ డబ్బు పన్ను పడకముందే జీతంలోంచి నెలనెలా పట్టుకుంటారు, దాదాపు నాలుగో వంతు మిగులుతుంది. కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామందికి దీని సంగతి తెలియదు, కంపెనీలో ఒకసారి అడిగి చూడండి. షాపులో నేను ఎంచుకున్నది సన్నటి టైర్ల రోడ్ బైక్, ఒక చేత్తో ఎత్తేంత తేలిక. వీడియో కాల్‌లో చూపిస్తే అమ్మ "ఏరా, అంత దూరం పోయి సైకిలేనా" అంది. నాన్న ఏమీ అనలేదు, "కొంచెం దగ్గరగా పెట్టు" అని చైను వైపు, చక్రాల వైపు చాలాసేపు చూసి, "దీనికి మడ్‌గార్డులేవిరా?" అన్నారు.

లేవు. మడ్‌గార్డు లేదు, చైన్ కవరు లేదు, క్యారేజీ లేదు, స్టాండు లేదు, లైటు లేదు. ఇక్కడ అవన్నీ విడిగా కొనుక్కోవాల్సిన సామాన్లు. వేసవిలో ఏ ఇబ్బందీ తెలియలేదు. అక్టోబరు రాగానే వెనక చక్రం చిమ్మే నీళ్లతో నడుం నుంచి మెడ దాకా బురద చార, ముందు చక్రం చిమ్మే నీళ్లతో బూట్లు. పైనుంచి పడే వానకి కోటు ఉంది, కింద నుంచి లేచే నీళ్లకి ఏ కోటూ పనికిరాదు, అవి రోడ్డు మీది నూనె, మట్టి అన్నీ కలుపుకుని వస్తాయి. మడ్‌గార్డులు కొన్నాను. బ్యాగు వీపు మీదుంటే చెమట పడుతోందని క్యారేజీ బిగించాను. తర్వాత లైట్లు, తర్వాత కాస్త లావు టైర్లు. ఒక్కొక్కటీ పెడుతూ పెడుతూ ఒకరోజు ఆగి చూస్తే నా సైకిల్ నాన్న సైకిల్‌లా తయారవుతోంది.

నాన్న కోఆపరేటివ్ సొసైటీలో గుమాస్తాగా చేశారు, రోజూ కాలవ గట్టు మీద 9 కిలోమీటర్లు హెర్క్యులస్ సైకిల్ మీదే. నిండా మూసిన చైన్ కవరు, డైనమో లైటు, ప్యాంటు అంచు చైనులో పడకుండా క్లిప్పులు, వెనక ఎరువు బస్తా మోసే క్యారేజీ. ఆ హెర్క్యులస్ అసలు బర్మింగ్‌హామ్‌లో 1910లో పుట్టిన కంపెనీ అని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ ఫ్యాక్టరీ పెట్టి అక్కడ తయారు చెయ్యడం మొదలుపెట్టారు. అంటే నాన్న తొక్కింది ఈ దేశం వానకి, ఈ దేశం బురదకి, పనికి పోయే మనిషి కోసం ఆలోచించి చేసిన సైకిల్. ఇక్కడ అది పాతబడిపోయింది, మా ఊళ్లో మాత్రం మొన్న మొన్నటి దాకా రోజూ పనికి పోయి వచ్చింది. ఆ సైకిల్ని నేను కాలేజీ రోజుల్లో నామోషీగా భావించేవాడిని, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాగోదు.

వానలో తొక్కాలనుకునేవాళ్లకి నేను చెప్పేది కొంచెమే ఉంది, కానీ అదంతా దెబ్బలు తగిలి నేర్చుకున్నది. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీద వేసిన తెల్ల గీతలు, నవంబరులో రాలిన ఆకులు, ఈ మూడూ సబ్బులాంటివి. వాటి మీదుగా వెళ్లొచ్చు, వాటి మీద హ్యాండిల్ తిప్పకూడదు, బ్రేకు పట్టకూడదు. రిమ్మును పట్టుకునే పాత రకం బ్రేకులు తడిలో వెంటనే పట్టవు, చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకుపోయాకే పడతాయి, కాబట్టి ముందుగానే నొక్కడం అలవాటు చేసుకోవాలి. కారు వస్తోందని భయపడి అంచుకు అంటుకుపోకండి, గాజు ముక్కలూ మేకులూ చేరేది అక్కడే. 2022 జనవరిలో మారిన హైవే కోడ్‌లో, అంటే ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకంలో, స్పష్టంగా రాసి ఉంది, నెమ్మది రోడ్ల మీద లేన్ మధ్యలో సైకిల్ నడపొచ్చు, దాటే కారు కనీసం మీటరున్నర దూరం వదలాలి. ఇక లారీ. సిగ్నల్ దగ్గర ఆగిన లారీకి ఎడమ పక్క ఎంత ఖాళీ ఉన్నా, ఎంత ఆలస్యమవుతున్నా అందులోకి దూరకండి. డ్రైవరుకి మీరు కనబడరు. వెనకే ఆగండి. డిసెంబరులో సాయంత్రం 4 గంటలకే చీకటి పడుతుంది, అప్పుడు ఈ మాట ఇంకా గుర్తుపెట్టుకోవాలి.

తడిసిన బూట్లలో న్యూస్‌పేపరు ఉండలు చుట్టి కుక్కితే సాయంత్రానికి సగం పైన ఆరతాయి. స్టేషన్ల దగ్గర పొద్దున్నే ఊరికే ఇచ్చే మెట్రో పేపరు ఆ పనికి బాగుంటుంది.

పోయిన ఏడు నవంబరులో ఒక సాయంత్రం లైమ్‌హౌస్ దాటుతుండగా వెనక చక్రం గాలి పోయింది. వాన రోజుల్లో పంక్చర్లు ఎక్కువ, తడిసిన గాజు ముక్క రబ్బర్లోకి సులువుగా దిగుతుంది. ఊళ్లో అయితే సైకిల్ నడిపించుకుంటూ పంక్చర్ షాపుకి పోతే అతనే చూసుకుంటాడు. ఇక్కడ మనమే చెయ్యాలి. ఒక రైలు వంతెన కిందకి తోసుకెళ్లి, చక్రం ఊడదీసి, వేళ్లు కొంకర్లు పోతుంటే టైరు విప్పి ట్యూబు బయటికి లాగాను. కొత్త ట్యూబు బ్యాగులో ఉంది కానీ టైరులో గాజు ముక్క ఎక్కడుందో చూడకుండా కొత్తది వేస్తే రెండు నిమిషాల్లో అదీ పోతుంది. చిల్లు దొరకడం లేదు, పక్కన లారీల హోరులో గాలి చప్పుడు వినబడదు. "ఇదేం ఖర్మరా బాబూ" అని పైకే అన్నాను.

"అన్నా, తెలుగోళ్లేనా మీరు?"

ఎలక్ట్రిక్ సైకిల్ మీద ఫుడ్ డెలివరీ చేసే కుర్రాడు, వెనక పెద్ద పెట్టె, ముక్కు మీంచి నీళ్లు కారుతున్నాయి. వరంగల్ వైపు. మాస్టర్స్ అయిపోయింది, పోస్ట్ స్టడీ వీసా మీద ఉన్నాడు, పొద్దంతా ఉద్యోగాలకి అప్లై చేస్తాడు, సాయంత్రం నుంచి డెలివరీలు. దిగి తన ఫోను టార్చి పట్టుకున్నాడు. అప్పుడు కనబడింది రోడ్డు వార నీటి గుంట. మా ఊరి పంక్చర్ షాపులో నీళ్ల తొట్టి గుర్తొచ్చింది. ట్యూబులో కాస్త గాలి కొట్టి ఆ గుంటలో ముంచి చేత్తో నెమ్మదిగా తిప్పుతూ పోతే, వాల్వుకి జానెడు దూరంలో సన్నగా, దారంలా, బుడగలు. వాల్వు నుంచి అంతే దూరం టైరు మీద కొలిచి చూస్తే బియ్యపు గింజంత ఆకుపచ్చ గాజు ముక్క, లోపలికి దిగి ఉంది. తాళం చెవి మొనతో పెకలించాను. తడి మీద సొల్యూషన్ అంటుకోదు కాబట్టి పాత ట్యూబు అతికే పని ఇంటికి వాయిదా వేసి కొత్తది ఎక్కించాను.

గాలి కొడుతుంటే అతను అడిగాడు, "మీకు కంపెనీల జాబ్ ఉంది కద అన్నా, రైలుల పోవచ్చు కద, ఈ వానల ఎందుకు?"

"రైల్లో పోతే ఊరు కనబడదు తమ్ముడూ" అన్నాను. అతను తల ఊపాడు, అతనికీ వీధులన్నీ తెలుసు, నాకంటే బాగా తెలుసు. కానీ నేను వానలో తొక్కేది నా ఇష్టంతో, అతను తొక్కేది ఆ నెల అద్దె కోసం. ఇంటికొచ్చేదాకా అదే మనసులో ఉంది. వెళ్తూ వెళ్తూ తన కాళ్లు చూపించాడు, సాక్సుల మీద కూరగాయల ప్లాస్టిక్ కవర్లు తొడిగి వాటి మీద బూట్లు. "గింతకంటే వేరే రూట్ లేదన్నా, మడ్‌గార్డ్ ఉన్నా గని కాళ్లు నానుతనే ఉంటయ్." ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం.

ఆ మాటే నా సమస్య కూడా. మడ్‌గార్డులు పెట్టినా బూట్లు తడవడం ఆగలేదు. దానికి జవాబు ఆదివారం రైడ్‌లో దొరికింది. నెలకి రెండుసార్లు ఒక చిన్న గుంపుతో ఎప్పింగ్ అడవి మీదుగా ఎసెక్స్ పల్లెల్లోకి వెళ్తుంటాను, హై బీచ్ దగ్గరున్న టీ బడ్డీలో ఆగి వేడివేడిగా ఒక కప్పు తాగి వెనక్కి వస్తాం. సన్నటి రోడ్లు, రెండు పక్కలా ముళ్ల కంచెలు. వాటిని చలికాలంలో కత్తిరిస్తే ఆ ముళ్లన్నీ రోడ్డు మీదే ఉంటాయి. గుంపులో ముందున్నవాడు గుంత కనబడితే చేత్తో చూపిస్తాడు, వెనక కారొస్తే చివరివాడు కేకేస్తాడు, ఆ కేక ఒకరి నుంచి ఒకరికి ముందు దాకా వెళ్తుంది. ఒకళ్ల చక్రం వెనక ఒకళ్లు అంత దగ్గరగా తొక్కేటప్పుడు ముందువాళ్ల వెనక చక్రం నీళ్లు సరిగ్గా మన నోట్లో పడతాయి. ఆ రోజు నా ముందు ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఆయన వెనక మాత్రం ఒక్క చుక్క పడలేదు. చూస్తే ఆయన మడ్‌గార్డు చివర నల్లటి రబ్బరు ముక్క, నేలకి నాలుగు వేళ్ల ఎత్తు దాకా వేలాడుతోంది. ముందు చక్రానికీ ఉంది. టీ దగ్గర అడిగితే, వెనకది వెనకొచ్చేవాళ్ల కోసం, ముందుది నా కాళ్ల కోసం అన్నాడు.

ఆ రాత్రి నాన్నకి చెప్పాను. ఆయన అవతల నుంచి నవ్వి, "మరి నా సైకిల్‌కి లేదట్రా? లారీ ట్యూబు కోసి నేనే బిగించాను, నువ్వు చిన్నప్పుడు దాన్ని పీకుతూ కూర్చునేవాడివి" అన్నారు. నిజమే, గుర్తుంది. ఆ ముక్క చివర ఎండిన బురద పెళ్లలు గోటితో గిల్లేవాడిని. ఎంత వెడల్పు, ఎంత పొడవు, చిల్లులు ఎంత దూరంలో, అన్నీ ఆయన చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. "పొడుగు పెట్టు, సిగ్గుపడకు, పొట్టిగా ఉంటే పెట్టీ ఉపయోగం లేదు" అన్నారు.

లారీ ట్యూబు నాకెక్కడ దొరుకుతుంది. ప్లాస్టిక్ పాల క్యాను కడిగి, దాని పక్క భాగం కత్తెరతో కోసి, నాన్న చెప్పిన కొలతకి గీత గీసి, వేడి చేసిన మేకుతో చిల్లులు పెట్టి రెండు చిన్న బోల్టులతో ముందు మడ్‌గార్డ్‌కి బిగించాను. సోమవారం వాన. బ్లాక్‌ఫ్రయర్స్‌లో దిగి బూట్లు విప్పితే సాక్సులు పొడిగా ఉన్నాయి, కాలి వేళ్లు వెచ్చగా ఉన్నాయి. బల్ల కింద పెట్టుకున్న మెట్రో పేపరు అలాగే ఉండిపోయింది.

క్యానులో ఇంకా మూడు ముక్కలకి సరిపడా ప్లాస్టిక్ మిగిలింది. ఒకటి కోసి చిల్లులు పెట్టి, వరంగల్ కుర్రాడికి ఫోన్ చేసి ఎప్పుడు ఖాళీ అని అడిగాను.

"ఆదివారం పొద్దుగాల వస్త అన్నా, పదకొండింటి దాంక ఆర్డర్లు తక్కువ."