తాళం పడిన ప్రయోగశాలలో ఆహార పాఠాలు: నా అనుభవం

మా బడిలో ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్న పాత ప్రయోగశాలను పిల్లలు వంట, పోషణ, ఆహార శుభ్రత నేర్చుకునే గదిగా మార్చడానికి అనుమతి పత్రం ఈ వారమే చేతికందింది. తోటి ఉపాధ్యాయులను ఒప్పించడం, విరిగిన బల్లలు బయట వేయించడం, తల్లిదండ్రుల సాయం కూడగట్టడం ఇట్టే జరిగిపోయాయి.

ఖాళీ గదులు ఇంకా ఉన్నా ప్రయోగశాలనే ఎంచుకున్నాము. నీటి గొట్టాలు, మురుగు పారే దారి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, కడిగితే శుభ్రపడే రాతి గట్లు అక్కడ ముందే ఉన్నాయి. అయితే పాత ప్రయోగశాలల సింకుల కింది వంపు గొట్టాల్లో, పగిలిన థర్మామీటర్ల నుంచి జారిన పాదరసం నిలిచి ఉండవచ్చు. మా గదిలో ఆ వంపును విప్పగానే నల్లటి బురద నడుమ ఆవగింజంత వెండి బొట్లు దొర్లాయి. వెంటనే పని ఆపించి, ప్రమాదకర వ్యర్థాలు తొలగించేవారిని పిలిపించి, సింకులూ గొట్టాలూ కొత్తవి వేయించాము. ఈ ఖర్చు దగ్గర ఎవరూ పొదుపు చూడకూడదు.

నన్ను కుంగదీసింది భవన అనుమతుల కార్యాలయం. ఇది వంటగది కాబట్టి పొగ గొట్టం, జిడ్డును ఆపే తొట్టి చూపాలని ఒక విభాగం రాసింది. ఇది తరగతి గది కాబట్టి పొయ్యి ఊసే ఉండకూడదని పక్క విభాగం అదే ఫైలును తిప్పి పంపింది. వాళ్లిద్దరూ ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయానికి నేను కాళ్లరిగేలా తిరిగాను. 1995లో అమెరికాలోని బర్క్‌లీలో ఒక మాధ్యమిక పాఠశాల ఆవరణలోని ఖాళీ స్థలాన్ని వంట నిపుణురాలు ఆలిస్ వాటర్స్ చొరవతో బడితోటగా మార్చి, వంట తరగతులను కూడా జోడించిన సంగతినీ, 2005లో జపాన్ ఆహార విద్యకు చట్టమే చేసిన సంగతినీ వివరిస్తూ జతచేసిన కాగితాలను అధికారి తెరవనైనా తెరవలేదు. వాటిని పక్కకు నెట్టి, వరుసలో ఉన్నవారంతా వింటుండగా, “వంట నేర్పడానికి ఇళ్లలో తల్లులు లేరా? పాఠాలు చెప్పడం చేతకాక గరిటెలు పట్టుకొచ్చారా?” అన్నారు. ఇన్నేళ్లు సైన్సు బోధించిన నాకు ఆ మాట ఇప్పటికీ మండుతోంది. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య ఆహారంలో సూక్ష్మక్రిములు వేగంగా పెరుగుతాయని థర్మామీటరు పట్టుకుని నేర్చుకోవడం పాఠం కాకపోతే మరేది పాఠం? ఆ బాధ్యతంతా తల్లుల మీదే వేయడం ఏ న్యాయం?

చివరకు దారి చూపింది తనిఖీకి వచ్చిన అగ్నిమాపక ఉద్యోగిని. మంట లేని ఇండక్షన్ పొయ్యిలే వాడతామని, నూనెలో వేయించే వంటలు ఉండవని, వండినది ఆ తరగతి పిల్లలే రుచి చూస్తారు తప్ప బడి భోజనంగా వడ్డించబోమని ఆవిడ సలహా మేరకు ఒకే పేజీలో రాసి, రెండు విభాగాల సంతకాలూ దాని మీదే కోరాను. ఆ పేజీకే అనుమతి వచ్చింది.

ఈ పని తలపెట్టేవారు గదిలో ఏమి జరుగుతుందో, ఏమి జరగదో దరఖాస్తు మొదటి పేజీలోనే రాయాలి. ప్రతి అభ్యంతరాన్నీ రాతపూర్వకంగా అడగాలి. కౌంటరు దగ్గరి నోటిమాటను నమ్మి ఒక్క మేకు కూడా కొట్టవద్దు. పిల్లల అలర్జీల వివరాలు మొదటి తరగతికి ముందే తల్లిదండ్రుల సంతకంతో తీసుకోవాలి. గది వెనుక స్థలంలో కూరగాయలు పెంచాలనుకుంటే, పాత గోడల రంగులోని సీసం రాలి మట్టిలో కలిసి ఉండవచ్చు. అందుకే పరీక్ష ఫలితం వచ్చేదాకా మేము బయటి నుంచి తెచ్చిన మట్టితో నింపిన పెట్టెల్లోనే విత్తుతున్నాము.