ఎన్నికల సంఘం చాప్టర్: ఏ అధికారం ఎవరి చేతిలో ఉంది?

గ్రూప్-2కి చదువుతున్న మిత్రులకు పాలిటీలో ఎన్నికల సంఘం గురించి నాలుగు మాటలు. 324 నుంచి 329 దాకా ఆర్టికల్స్ బట్టీ పట్టి చాలామంది ముందుకెళ్లిపోతారు. ఆ నంబర్లు కావాలి, కాదనను. కానీ స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో మార్కులు పోయేది ఏ అధికారం ఎవరిదో తేలనప్పుడే.

మన కోనసీమనే చూడండి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అదే గోదావరి, అదే తెలుగు, ఓటు మాత్రం పుదుచ్చేరి అసెంబ్లీకి. అయినా అటూ ఇటూ అసెంబ్లీ, పార్లమెంటు ఎన్నికలు జరిపించేది ఒకే భారత ఎన్నికల సంఘం. మన సర్పంచ్ ఎన్నిక దాని పరిధిలోకి రాదు. అది 243కె కింద రాష్ట్ర ఎన్నికల సంఘం పని. రాష్ట్ర సంఘం భారత ఎన్నికల సంఘానికి కింది ఆఫీసు అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

ఇంత దేశానికి ఎన్నికలు పెట్టే సంఘానికి సొంత సిబ్బంది చాలా తక్కువ. 324(6) ప్రకారం అడిగితే రాష్ట్రపతి, గవర్నర్ సిబ్బందిని ఇవ్వాలి. ఎన్నికల పనిలో ఉన్నన్నాళ్లూ వాళ్లు సంఘం అదుపులోనే ఉంటారు. మా వీధిలో ప్రిసైడింగ్ అధికారిగా వెళ్లొచ్చిన మాస్టారిని అడిగితే పుస్తకంలో లేనంత వివరంగా చెప్పారు. పోలింగ్‌కి గంటన్నర ముందే అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (నమూనా పోలింగ్) పెట్టి, లెక్క సరిచూసి, మెషిన్ క్లియర్ చేసి సీల్ వేస్తారు. సాయంత్రం పోలైన ఓట్ల లెక్క ఫారం 17సిలో రాసి, కాపీ ఏజెంట్ల చేతికిచ్చి సంతకం తీసుకుంటారు. కౌంటింగ్ రోజు మెషిన్‌లో అంకె దానితో కలవాలి. నమ్మకమంతా ఆ కాగితం మీదే ఉందనిపించింది నాకు.

స్వతంత్రత దగ్గర జాగ్రత్త. ప్రధాన కమిషనర్‌ని తొలగించాలంటే సుప్రీంకోర్టు జడ్జిని తొలగించే పద్ధతే. మిగతా కమిషనర్లని ఆయన సిఫార్సు లేకుండా తొలగించలేరు. నియామకం మాత్రం మారింది. 2023 మార్చిలో సుప్రీంకోర్టు ప్రధాని, ప్రతిపక్ష నేత, ప్రధాన న్యాయమూర్తితో కమిటీ ఉండాలంది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన చట్టం న్యాయమూర్తి స్థానంలో కేంద్ర మంత్రిని పెట్టింది. న్యాయమూర్తి ఉంటేనే బాగుండేదని నా అభిప్రాయం, మెయిన్స్‌లో మాత్రం రెండు వాదనలూ రాయండి. పాత మెటీరియల్ చదివేవాళ్లు నియామకం గురించిన పేరా కొట్టేసి, పక్కన ఈ రెండు కమిటీలూ చేత్తో రాసుకోండి.