శుక్రవారం ఇద్దరు పిల్లలు రారు

2013 జూలై 12, శుక్రవారం, వర్జీనియా బీచ్, అమెరికా

మా ఇంట్లోనే డేకేర్ నడుపుతాను, ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల పిల్లలను పగలు చూసుకుంటాను. అలవాటు కొద్దీ పొద్దున్న అయిదు పళ్లేలు తీసి బల్ల మీద పెట్టాను. ఏడున్నరకు ముగ్గురు పిల్లలే వచ్చారు. మిగతా ఇద్దరూ సెప్టెంబరు చివరిదాకా శుక్రవారాలు రారు. వాళ్ల అమ్మలు నేవీలో పౌర ఉద్యోగులు. ప్రభుత్వ ఖర్చుల కోత వల్ల ఈ సోమవారం నుంచి రక్షణ శాఖలో సుమారు 6.5 లక్షల మందికి వారానికి ఒక రోజు జీతం లేని సెలవు మొదలైంది. ఇక్కడ దీన్ని ఫర్లో అంటారు. మొదట 22 రోజులన్నారు, తర్వాత 14 అన్నారు, చివరికి 11 దగ్గర ఆగారు. పదకొండే కదా అని తీసిపారేయడానికి లేదు. వారం జీతంలో అయిదో వంతు పోతుంది.

నిన్న సాయంత్రం ఆ ఇద్దరిలో ఒకామె గుమ్మంలోనే నిలబడిపోయింది. బాబు బూటు తాడు ముడి వేసి, విప్పి, మళ్లీ వేస్తూ, తల ఎత్తకుండానే అడిగింది: "శుక్రవారాలు వాడిని నేనే చూసుకుంటాను. ఆ రోజు డబ్బు తగ్గించగలరా?" రాసుకున్న ఒప్పందం ప్రకారం పిల్లలు రాకపోయినా వారం డబ్బు కట్టాల్సిందే. కానీ పదేళ్లుగా పనిచేస్తున్న మనిషి అలా తల దించుకుని అడుగుతుంటే ఒప్పందం ఎలా గుర్తు చేస్తాను? సరేనన్నాను. రెండో ఆమెకు నేనే ఫోను చేసి చెప్పాను.

రోజుకు 30 డాలర్లు, ఇద్దరు పిల్లలు, పదకొండు వారాలు. మొత్తం 660 డాలర్లు. రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఇంటి అద్దె ముట్టుకోలేను. బీమా ఆపడానికి లేదు. పాలు, పండ్లు తగ్గించడానికి మనసొప్పలేదు. మిగిలింది నాకు సాయంగా వచ్చే అమ్మాయి. మన తెలుగువాళ్ల పిల్లే, నార్‌ఫోక్‌లో కాలేజీలో చదువుతోంది. శుక్రవారాలు ముగ్గురు పిల్లలకు ఇద్దరం అక్కర్లేదు. ఈ మధ్యాహ్నం ఆ మాట చెప్పాను. "పరవాలేదు ఆంటీ" అంది. తను కడుగుతున్న గిన్నెను అవసరానికి మించి చాలాసేపు కడిగింది. వాషింగ్టన్‌లో మొదలైన కోత నేవీ ఆఫీసు మీదుగా నా ఇంటికి వచ్చి, నా చేతుల మీదుగానే ఆ పిల్ల పుస్తకాల డబ్బుదాకా వెళ్లింది.

పిల్లలు నిద్రపోయాక ఆ కోత సంగతులు మళ్లీ చదివాను. 2011 ఆగస్టులో, ప్రభుత్వం ఎంతదాకా అప్పు చేయవచ్చనే పరిమితి మీద గొడవ తేల్చడానికి ఒక చట్టం చేశారు. చట్టసభల్లోని రెండు పార్టీల నుంచి ఆరుగురి చొప్పున పన్నెండు మంది సభ్యులు కూర్చుని ఎక్కడ తగ్గించాలో తేల్చాలి. తేల్చకపోతే పదేళ్లలో సుమారు 1.2 లక్షల కోట్ల డాలర్ల కోత దానంతట అదే పడుతుంది, సగం రక్షణ మీద, సగం మిగతా పనుల మీద. అంత చెడ్డ కోతను ఎవరూ పడనివ్వరని, ఆ భయంతోనైనా ఒప్పందానికి వస్తారని చట్టం చేసినవాళ్ల ధీమా. ఆ నవంబరులో పన్నెండు మందీ చేతులెత్తేశారు. ఈ మార్చి 1న కోత పడింది. ఈ ఒక్క ఏడాదికే 8,500 కోట్ల డాలర్లు.

దేశం అప్పు 16 లక్షల కోట్ల డాలర్లు దాటింది. ఖర్చు తగ్గించవద్దని నేను అనను. కానీ తగ్గించడమంటే ఏది ఉండాలి, ఏది పోవాలి అని కూర్చుని తేల్చడం. పనికొచ్చేదీ పనికిరానిదీ చూడకుండా అన్నిటినీ ఒకే కొలతతో కత్తిరిస్తే అది పొదుపు కాదు. వాళ్లను ఎన్నుకుని పంపింది ఆ తేల్చే పని కోసమే. రాత్రి నా పుస్తకం ముందు నేను చేసిన పని, ఎంత బాధగా ఉన్నా, వాళ్లు చేయలేదు. అదే నా కోపం.

మా నియోజకవర్గం ప్రతినిధి స్కాట్ రిజెల్ రిపబ్లికన్. నేను ఆయనకు ఓటు వేయలేదు. అయినా ఈ విషయంలో ఆయనను మెచ్చుకోవాలి. ఖర్చుల కోత ఒక్కదానితో లెక్క సరిపడదని, పన్నుల్లో లొసుగులు మూసి ఆదాయం కూడా తేవాలని సొంత పార్టీకి నచ్చని మాట బయటికే అన్నారు. ఫిబ్రవరి 26న అధ్యక్షుడు ఒబామా న్యూపోర్ట్ న్యూస్ నౌకానిర్మాణ కేంద్రానికి వచ్చినప్పుడు రిజెల్ ఒబామా విమానంలోనే కలిసి వచ్చారు. ఆ వారంలోనే మా రాష్ట్ర సెనేటర్ టిమ్ కేన్ కూడా సెనేట్‌లో తన తొలి ప్రసంగాన్ని ఈ కోత మీదే చేశారు. ఇద్దరిదీ చెరో పార్టీ. అయినా ఈ ఒక్క విషయంలో ఇద్దరి మాటా దగ్గరగానే ఉంది.

ఇక్కడివాళ్లకు ఈ కోత ఎందుకు అంత తగులుతుందో బయటివాళ్లకు తెలియదు. దేశంలో అణుశక్తితో నడిచే విమానవాహక నౌకలు కట్టేది ఆ ఒక్క న్యూపోర్ట్ న్యూస్‌లోనే. ఫిబ్రవరిలో హ్యారీ ట్రూమన్ నౌక బయలుదేరడానికి రెండు రోజుల ముందు ప్రయాణం ఆపేశారు. తమవాళ్లు నెలల తరబడి సముద్రం మీద ఉండబోతున్నారని సిద్ధపడ్డ వేల కుటుంబాలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. అబ్రహాం లింకన్ నౌకలో ఇంధనం మార్చే పనీ వాయిదా పడి మార్చిలో గానీ మొదలవలేదు. నేను పుట్టి పెరిగింది విశాఖలో. రేవు ఊళ్లో ఓడకు పని ఆగితే మంగలి దుకాణం, టీ బడ్డీ, కిరాణా కొట్టు అన్నీ నీరసించడం చిన్నప్పుడే చూశాను.

కానీ మా ప్రతినిధులతో ఒక్క దగ్గర నాకు పేచీ ఉంది. ఈ ప్రాంతం వాళ్లు మాట్లాడినప్పుడల్లా ఓడలు, ఓడల ఉద్యోగాలు. సైనికుల జీతాలకు మినహాయింపు ఇచ్చారు, మంచిదే. అదే చట్టం పేదపిల్లల బడి హెడ్ స్టార్ట్ నుంచి అయిదు శాతానికి పైగా కోసింది. మూడేళ్ల పిల్లకు ఈ ఏడాది పోయిన బడి వచ్చే ఏడాది తిరిగి రాదు. అప్పటికి ఆ పిల్లకు నాలుగేళ్లు నిండుతాయి. ఓడ పని వాయిదా పడితే ఆలస్యంగానైనా మొదలవుతుంది. రక్షణ అనే మాటలో ఆ పిల్లలు కూడా ఉండాలని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను.

మధ్యాహ్నం రెండు గంటలకు ఓషియానా నేవీ స్థావరం నుంచి యుద్ధవిమానాలు లేచాయి. కిటికీ అద్దాలు గడగడలాడాయి. ముగ్గురిలో ఒక్కరూ కదలలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మోత.

సాయంత్రం వంట అయ్యాక రిజెల్ గారి కార్యాలయానికి ఉత్తరం రాశాను. కంప్యూటర్‌లో కాదు, చేత్తో. ముందుగా లొసుగుల గురించి ఆయన అన్న మాటకు ధన్యవాదాలు చెప్పి, ఆ మాట మీద నిలబడమన్నాను. తర్వాత మా ఇంటి లెక్క రాశాను: ఇద్దరు పిల్లలు, 660 డాలర్లు, కాలేజీ అమ్మాయి. చివర్లో హెడ్ స్టార్ట్ గురించి ఒక పేరా. పేర్లు ఏవీ రాయలేదు.

ఉత్తరం బల్ల మీద ఉంది. తపాలా బిళ్లలు అయిపోయాయి, రేపు కొనాలి. సోమవారం అయిదుగురూ వస్తారు. పాలు రెండు గ్యాలన్లు తేవాలి.