ఇనప్పెట్టె కొలతతో మొదలైన కౌంటరు

హైదరాబాదు పత్తర్‌గట్టీలో నాన్నగారు నడిపిన ముత్యాలు, వెండి నగల కొట్టు నా చేతికి వచ్చాక, పాత కౌంటర్లు తీసివేసి కొత్తవి చేయించాలనుకున్నాను. నా ఆలోచనంతా నగలు ఎంత అందంగా కనిపిస్తాయనే దాని మీదనే ఉండేది. వడ్రంగి మేస్త్రీ మాత్రం, "రాత్రి కొట్టు మూసేటప్పుడు మీరేం చేస్తారో ముందు నన్ను చూడనివ్వండి బాబూ" అని ఒక రాత్రి స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

దండలన్నీ ఒక్కొక్కటిగా తీసి, గుడ్డలో చుట్టి, పెట్టెల్లో సర్ది, ఆ పెట్టెలను ఇనప్పెట్టెలోకి చేర్చడానికి ఇద్దరికి ముప్పావుగంట పట్టింది. పొద్దున్న మళ్లీ అదే పని తిరగేసి చేయాలి. గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా లెక్కగట్టే మోహ్స్ కొలమానం మీద ముత్యానిది 2.5 నుంచి 4.5 మధ్యనే ఉంటుంది కనుక, ఆ సర్దుళ్లలో వెండి కొక్కెం తగిలినా గీత పడవచ్చు. మర్నాడు మేస్త్రీ కొట్టును వదిలేసి ఇనప్పెట్టె లోపలి వెడల్పు కొలిచాడు. అందులో సరిగ్గా పట్టేటట్లు ట్రేలు, ఆ ట్రేలు కూర్చునేటట్లు కౌంటరు అన్నది ఆయన లెక్క. పగలు అద్దం కింద ఏటవాలుగా నిలిచే ట్రేనే రాత్రికి నగలతో సహా ఇనప్పెట్టెలోకి జారుతుంది. అందరికీ చూపించని ఖరీదైన దండలకు మా వైపు తెరుచుకునే సన్నని సొరుగులు పెట్టి, కొనేవారి వైపు వాటిని మామూలు చెక్క పలకగానే కనిపించనిచ్చాడు. టేకు కొనేముందు అట్టతో, థర్మోకోలుతో నమూనా చేసుకుని, వంగి తీసేటప్పుడు మోకాలు ఎక్కడ తగులుతుందో కూడా చూసుకున్నాము.

ట్రేల్లో వేసే పరుపు గుడ్డ రంగు దగ్గర నాకూ నాన్నగారికీ పేచీ వచ్చింది. ఆయనకు ఎర్ర మఖ్మలే కొట్టుకు కళ. కాని ఎరుపు మీద తెల్ల ముత్యం కాస్త గులాబీ రంగు తిరిగినట్లు కనిపిస్తుంది, ఇంటికి వెళ్లాక ఆ ఛాయ ఉండదు. అలా వెనక్కి తెచ్చినవారిని నేను చూశాను. చివరకు లేత బూడిద రంగు నూలు గుడ్డ వేయించి, దీపాలు కూడా పగటి వెలుతురుకు దగ్గరగా ఉండేవి పెట్టించాను.

అసలు పొరపాటు నాది. దుమ్ము చొరబడకుండా అద్దాల అంచుకు రబ్బరు పట్టీ వేయమన్నాను. నెల తిరగకముందే దాని పక్కనున్న వెండి కాళ్ల పట్టీలు నల్లబడ్డాయి. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు, ఆ గంధకపు ఆవిరి మూసిన పెట్టెలో వెండిని పట్టుకుంటుంది. సరే, సందులు మూసే సిలికాన్ జిగురు పూద్దామంటే, మామూలు సిలికాన్ ఆరేటప్పుడు వచ్చే పుల్లని వాసన వెనిగర్‌లో ఉండే ఆమ్లానిదే. ముత్యం ప్రధానంగా కాల్షియం కార్బొనేట్, ఆమ్లం దాన్ని తినేస్తుంది కాబట్టి అదీ పనికిరాదు. ఆమ్లం వదలని రకం వెతికి తెప్పించి, పూశాక రెండు వారాలు ఖాళీగా ఆరనిచ్చాకనే ట్రేలు లోపల పెట్టాము. అన్నాళ్లూ పాత కౌంటరు మీదే వ్యాపారం సాగింది, నాన్నగారి ఎర్ర మఖ్మలుతో సహా.

ఇప్పుడు కొట్టు మూయడానికి పావుగంట చాలు. ఇనప్పెట్టెలో ఇరవై నాలుగు ట్రేలే పడతాయి. ఇరవై ఐదో ట్రేలోని దండలను మాత్రం నాన్నగారే రోజూ గుడ్డలో చుట్టి పెట్టెలో సర్దుతున్నారు.